మూడో పిల్లను ఎత్తుకున్నది నేను

కొన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. ఈ వాక్యం రాసి, చదువుకుని, టీ తాగొద్దామని లేచాను. నాలాంటివాడు రాసే వాక్యం కాదది. మా ఊళ్ళో ఎవరైనా ఇలా మొదలుపెడితే, రెండో మాట అనేలోపు నేనేదో అనేసి, నలుగురినీ నవ్వించి, ఆ మనిషిని కూర్చోబెట్టేవాణ్ణి. పెళ్ళిలో అప్పగింతలప్పుడు నవ్వించాను. చావింట్లో, కట్టెలు తడిసి అంటుకోకపోతే, అక్కడ కూడా నవ్వించాను. ఎవరైనా గంభీరంగా మాట్లాడితే నాకు ఒళ్ళు దురద పుడుతుంది. కాబట్టి ముందు బరువు సంగతి తేల్చేస్తాను. అదేం పెద్ద బరువు కాదు. నీటికుక్క పిల్ల ఎంతుంటుంది? రెండు అరచేతుల్లో పడుతుంది. అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల కంటే తేలిక. ఎత్తుకోవడం కష్టం కాలేదు. దించడమే చేతకాలేదు.

మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పడం సులువు.

మాది జమ్మలమడుగు దాటాక మైలవరం జలాశయం అంచున ఉన్న ఒక పల్లె. గొర్రెలున్న ఇల్లు. అప్పట్లో నేను ప్రొద్దుటూరులో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. అంటే, చదువుతున్నానని మా నాయన అందరికీ చెప్పుకునేవాడు. సెలవులొస్తే మంద నా చేతికొచ్చేది. చలికాలం సెలవులూ, గొర్రెలు ఈనే కాలమూ ఒకేసారి వస్తాయి. పొద్దున కంబళి భుజాన వేసుకుని మందను నీళ్ళ అంచుకు తోలుకుపోవాలి. సాయంత్రం, ఆ రోజు పుట్టిన పిల్ల ఉంటే, దాన్ని ఆ కంబళిలో చుట్టుకుని తిరిగి రావాలి. మధ్యలో చెయ్యడానికేమీ ఉండదు. ఫోన్‌కు సిగ్నల్ కూడా ఉండదు. మనిషి తన గురించి తాను ఆలోచించుకునే ప్రమాదం ఉన్న చోటు అది.

జలాశయం కట్టినప్పుడు మునిగిన ఇళ్ళు కొన్ని ఉన్నాయి. నీళ్ళు తగ్గితే వాటి మొండిగోడలు బయటపడతాయి. నాపరాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన గోడలు. అలాంటి గోడ ఒకటి కూలి రాళ్ళ కుప్పయిన చోట నీటికుక్కలు కాపురం పెట్టాయి. వాటిని నాకు చూపించినవాడు సూరిబాబు.

సూరిబాబు కాకినాడ వైపునుంచి వచ్చిన చేపలవాడు. జలాశయంలో చేపలు పట్టే హక్కు పాడుకున్న గుత్తేదారు అలాంటివాళ్ళను కోస్తానుంచి పిలిపించుకునేవాడు. చాలామంది ఒక సీజను చేసి వెళ్ళిపోయేవాళ్ళు. సూరిబాబు వెళ్ళలేదు. ఒడ్డున టార్పాలిన్ గుడిసె వేసుకుని, భార్య రమణమ్మను తెచ్చుకుని, గుడిసె ముందు తోటకూర కూడా చల్లాడు. ఆయన తమ్ముడు సముద్రంలో పోయాడు. అప్పుడు అదే పడవలో సూరిబాబు ఉన్నాడు. ఆ తర్వాత ఆయన మళ్ళీ సముద్రం మీదికి పోలేదు. ఈ సంగతి రమణమ్మ నాకు చెప్పింది, కూరకు ఉల్లిపాయ తరుగుతూ, మామూలుగా. ఈ ఒడ్డు ఉన్నంతకాలం మాకు బెంగ లేదని కూడా అంది. నేను జోకు వెయ్యకుండా విన్న మాటలు నా జీవితంలో తక్కువ. అదొకటి.

ఆయన నన్ను అల్లుడూ అనేవాడు. నేను ఆయన్ని మామా అనేవాణ్ణి. ఆయనకు కూతుళ్ళు లేరు కాబట్టి ఎవరికీ నష్టం లేదు. ఆయన మాట మా వాళ్ళకు వింత. మా మాట ఆయనకు కొట్లాటలా వినిపించేది. మొదట్లో మేము చేపల ధర అడిగినా ఆయన భయపడి ఒకడుగు వెనక్కి వేసేవాడు. ఆయనలా మాట్లాడి చూపించడం మా ఊరి టీకొట్టు దగ్గర నా ప్రధాన విద్య.

నీటికుక్కలకూ సూరిబాబుకూ రోజూ యుద్ధమే. వలలో పడిన చేపను అవి వల చింపి మరీ తినేవి. పొద్దున్నే ఆయన తెప్ప మీద నిలబడి, చినిగిన వల రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని తిట్టేవాడు. మీ చర్మాలు ఒలిచి సెప్పులు కుట్టించుకుంటాను అనేవాడు. మీ వంశంలో ఒక్కదాన్ని మిగల్చను అనేవాడు. నీళ్ళ మీద మాట బాగా సాగుతుంది కదా, అటు ఒడ్డున బట్టలుతికేవాళ్ళకు కూడా వినపడేది. తిట్టడం అయిపోయాక, అవి సగం కొరికిన చేపల్ని ఆ రాళ్ళ కుప్ప వైపు విసిరేసేవాడు. ఎలాగూ అమ్ముడుపోవు అనేవాడు. తిట్లు ఊరంతా విన్నది. విసరడం నేనొక్కణ్ణే చూశాను.

ఒక సాయంత్రం ఆయన నన్ను పిలిచి, కాసేపు మాట్లాడకుండా కూర్చోగలవా అల్లుడూ అన్నాడు.

"చూస్తా మామా. అలవాటు లేదు."

"నోరు మూసుకోమని నీకు ఇంతవరకూ ఎవరూ సెప్పలేదేటి?"

"శానామంది చెప్పినారు. వినే తీరిక లేకపాయ."

కూర్చున్నాం. గొర్రెలు వెనక మేస్తున్నాయి. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత నీళ్ళలోంచి ఒక చదునైన తల లేచింది, మీసాల మీద నీళ్ళు కారుతూ. అటూ ఇటూ చూసింది. ఈల లాంటి చిన్న కూత పెట్టింది. రాళ్ళ సందులోంచి మూడు పిల్లలు బయటికొచ్చాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ, బస్సు దిగేవాళ్ళలాగ. బూడిద రంగు బొచ్చు. పొట్టి కాళ్ళు. తోక అప్పటికింకా ఎందుకుందో తెలియనట్టుంది వాటికి. తల్లి ఒకదాన్ని మెడ దగ్గర పట్టుకుని నీళ్ళలో పడేసింది. అది అరిచింది. ఇక దాని బతుకు అయిపోయిందన్నట్టు అరిచింది. తేలింది. తేలాక ఆశ్చర్యపోయి మళ్ళీ అరిచింది. రెండోదాన్ని కూడా అలాగే. మూడోది మాత్రం నాపరాయికి నాలుగు కాళ్ళతో అతుక్కుపోయింది. తల్లి లాగింది, అది వదల్లేదు. చివరికి తల్లే విసుగొచ్చి దాని పక్కన వెల్లకిలా పడుకుని, చేపను రెండు చేతులతో పట్టుకుని తల వైపునుంచి కరకరమని తినడం మొదలుపెట్టింది.

నాకు ఒక్క జోకు కూడా రాలేదు. ఆ సంగతి చాలాసేపటి తర్వాత గమనించాను. నీళ్ళకు భయపడేదాన్ని సూరిబాబు నా మనవడు అనేవాడు. నాలాగే అని ఒకసారి అన్నాడు.

ఆ సెలవులంతా చూశాం. ఆదివారాలు ప్రొద్దుటూరునుంచి పక్షుల్ని ఫొటోలు తీసే ఒక గుంపు వచ్చేది. పక్షులు లేనప్పుడు వీటిని తీసేవాళ్ళు. పిల్లల్ని లెక్కపెట్టుకుని సంతోషపడేవాళ్ళు. మా ఊరివాళ్ళు ఆ గుంపును చూడ్డానికి వచ్చేవాళ్ళు. అందరూ ఏదో ఒకటి చూస్తున్నారు. బాగుండేది.

ఇక ఆ రోజు. ఇక్కడిదాకా చకచకా రాశాను. ఇక్కడ మళ్ళీ టీ గుర్తొస్తోంది. లేవను.

పైన గండికోటనుంచి నీళ్ళు వదిలారు. పొద్దున్నే కబురొచ్చింది. సూరిబాబు అటు ఒడ్డున వేసిన వలలు తీసుకోవాలని తెప్ప వేసుకుని వెళ్ళాడు. సాయంత్రానికి నీళ్ళు పెరిగి రాళ్ళ కుప్ప మొదలుకు తగులుతున్నాయి. నేను మందను మళ్ళిస్తున్నాను. కంబళిలో అప్పటికే ఒక గొర్రెపిల్ల ఉంది, మధ్యాహ్నం పుట్టింది. పొద్దు గూకుతోంది. నాపరాయి మీద పిల్ల ఒక్కటే కూర్చుని ఏడుస్తోంది. నీళ్ళకు భయపడే ఆ పిల్లే. తల్లి లేదు. మిగతా రెండు పిల్లలూ లేవు. నీళ్ళు దాని కాళ్ళ దగ్గరికొచ్చాయి.

గొర్రెల ఇంట్లో పుట్టినవాడికి ఒక సంగతి ఎవరూ నేర్పకుండానే వస్తుంది. పొద్దు గూకేటప్పటికి పక్కన తల్లి లేని పిల్లను చూస్తే ఎత్తుకోవాలి. ఆలోచించడం ఇంటికొచ్చాక. ఎందుకంటే గొర్రె మందతో పాటు ముందుకు పోతుంది. పిల్లను వదిలేసి వచ్చానని దానికి దొడ్డిలోకి వచ్చాక గుర్తొస్తుంది, అప్పుడు అరుస్తుంది, అప్పటికి పిల్లను నక్క తీసుకుపోయి ఉంటుంది. గొర్రె వెనక్కి రాదు. కాబట్టి ఎత్తుకున్నవాడిదే పుణ్యం. మా నాయనా, వాళ్ళ నాయనా ఇలా ఎన్ని పిల్లల్ని బతికించారో. నేను కూడా ఎత్తుకున్నాను. అది నా వేలు కొరికింది. కంబళిలో గొర్రెపిల్ల పక్కన పెట్టాను. వెచ్చగా తగలగానే ఊరుకుంది.

ఇంతవరకు నాది పొరపాటు. నేను గొర్రెలవాణ్ణి, నాకు తెలిసింది చేశాను. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న కథ ఇదే, ఇక్కడే ఆపేసేవాణ్ణి. తర్వాతి ముక్క ఎవరికీ చెప్పలేదు.

మా ఇంటికి పోయే దారి సూరిబాబు గుడిసె ముందునుంచే పోతుంది. ఆయన లేడు. రమణమ్మ ఉంది. పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఏం బాబూ ఆలస్యమైందే అని పలకరించింది కూడా. కంబళి విప్పి ఆమెకు చూపించి ఉంటే ఏమయ్యేది? ఆమె చేపల ఇంటి మనిషి. వెనక్కి తీసుకెళ్ళి పెట్టు అనేదేమో. సూరిబాబు వచ్చేదాకా ఉంచేదేమో. నేను చూపించలేదు. ఎందుకు? మర్చిపోయి కాదు. అప్పటికే నా దగ్గర ఒక జోకు తయారుగా ఉంది. రేపు పొద్దున్నే సూరిబాబు వల ఎత్తి తిడుతూ ఉంటాడు కదా, అప్పుడు వెళ్ళి, కంబళి విప్పి, మామా, నీ మనవడు రాత్రి మా ఇంట్లో నిద్ర చేసినాడు, బట్టలు పెట్టి తోడుకొచ్చినా అనాలి. ఆయన ముఖం చూడాలి. టీకొట్టు దగ్గర ఆ ముఖం మళ్ళీ చేసి చూపించాలి. దారంతా ఆ మాటల్ని సరిచేసుకుంటూ నడిచాను. బట్టలు అనాలా, పంచె అనాలా అని కూడా ఆలోచించాను.

ఆ జోకు కోసం పిల్లను ఆ రాత్రి నా దగ్గర ఉంచుకున్నాను. ఇదీ ముక్క.

దొడ్డిలో పిల్ల చచ్చిపోయిన గొర్రె ఒకటి ఉంది, పొదుగు నిండుగా. అలాంటి గొర్రెకు తల్లిలేని పిల్లను అలవాటు చేసే పద్ధతి మాకుంది. గొర్రెను గుంజకు కట్టి, దాని పాలే పిండి పిల్ల ఒంటికి పూసి, దాని ముక్కు ముందు పెడతాం. వాసన చూసి తనదే అనుకుంటుంది. నేను ఆ పనంతా చేశాను, శ్రద్ధగా. నీటికుక్క పిల్లకు గొర్రెపాలు పూసి గొర్రె ముందు పెట్టాను. ఆ గొర్రె దాన్ని వాసన చూసి, నా ముఖం వంక చూసింది. ఇంత చదివించారు నిన్ను అన్నట్టు చూసింది. తర్వాత తన్నింది. బట్ట పీలిక పాలలో ముంచి పిల్ల నోట్లో పెట్టాను. తాగింది. దగ్గింది. మళ్ళీ తాగింది. తెల్లారేటప్పటికి చనిపోయి ఉంది, గొర్రెపిల్ల ముక్కు దాని పొట్ట మీద ఆనించుకుని పడుకుని ఉంది.

దొడ్డి వెనక పూడ్చాను. చేతులు కడుక్కుంటుంటే నాయన వచ్చాడు.

"ఆ గొర్రెనేందిరా కట్టేసినావు?"

"పొడుస్తాంది నాయనా."

మొదటి అబద్ధం ఎంత చిన్నదో చూడండి.

మందను తోలుకుని ఒడ్డుకు పోయేసరికి తల్లి అక్కడే ఉంది. నీళ్ళలో రాళ్ళ కుప్ప చుట్టూ తిరుగుతోంది. ఆగుతోంది. కూత పెడుతోంది. వింటోంది. ఆ వినడం చూడలేకపోయాను. కూత భరించొచ్చు. కూత అయ్యాక తల ఎత్తి అలా ఆగిపోతుందే, అది. మందను అవతలి గుట్ట వైపు మళ్ళించాను. ఆ తర్వాత కొన్నాళ్ళు మా గొర్రెలు నా మూలాన ఎండు గడ్డే తిన్నాయి.

ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర ఊరి జనం పదిమంది దాకా ఉన్నారు. సూరిబాబు వచ్చి, పిల్ల ఒకటి కనపడ్డం లేదండి, ఎవరైనా సూశారా అని అడిగాడు. అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఎవరూ నా వైపు చూడకూడదు, అంతే నాకు కావాల్సింది. జనం నా వైపు చూడకుండా చెయ్యాలంటే నాకు ఒకటే దారి తెలుసు. అదేం విచిత్రమో, అందరూ నా వైపు చూసేలా నవ్వించడం. ఆయన గొంతుతోనే అన్నాను, ఆయన యాసలో:

"సెప్పులు ఎప్పటికి తయారవుతాయండి మామా?"

అందరూ పగలబడి నవ్వారు. సూరిబాబు కూడా నవ్వాడు, ముందు. నేను ఇంతవరకు వేసిన జోకుల్లో అంత బాగా పేలింది ఇంకోటి లేదు. దానికి వివరణ అక్కర్లేదు, ఆయన తిట్లు ఊరంతా విన్నదే కదా. మర్నాటికి అది జోకుగా లేదు. సెప్పులు కుట్టించుకుంటాడంట అని ఒకరు, చర్మం ఎవరికో ఇచ్చినాడంట అని ఇంకొకరు. ఆదివారానికి ప్రొద్దుటూరు గుంపు వచ్చి పిల్లల్ని లెక్కపెట్టుకుంది. ఒకటి తక్కువ. ఊళ్ళో అడిగింది. ఊరు చెప్పింది. వాళ్ళు మంచివాళ్ళు. మనసు కష్టమై అటవీశాఖకు చెప్పారు.

అటవీశాఖ మనిషి వచ్చి గుడిసె సోదా చేశాడు. చర్మం దొరకలేదు, ఉంటే కదా. ఆ సాయంత్రం ఎక్కడున్నావని సూరిబాబును అడిగాడు. నీళ్ళ మీద ఒంటరిగా ఉన్నాడు, ఎవరు చూశారు? చుట్టూ చేరిన మమ్మల్ని చూసి, ఈ మనిషి వాటిని చంపుతాననడం విన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. చాలామంది విన్నారు. వేరే ఎవరైనా ఏమైనా చూశారా అని కూడా అడిగాడు. నేను ముందు వరసలో ఉన్నాను. చేతులు కంబళి కింద ఉన్నాయి.

ఒక్క మాట చాలు. ఎందుకు చెప్పలేదు? తుమ్మలపల్లె గనిలో పనికి దరఖాస్తు పెట్టి ఉన్నాను. పోలీసు విచారణ ఉంటుంది, కేసు ఉంటే పని రాదు. ఆ క్షణంలో నేను ఆలోచించింది అదే. దానికి తోడు, చెప్తే నన్ను చూసి నవ్వుతారు. నీటికుక్కకు గొర్రెపాలు పూసినవాడని నాకు పిల్లలు పుట్టేదాకా చెప్పుకుంటారు. ఊరందరినీ చూసి నవ్వినవాడు తనను చూసి ఎవరైనా నవ్వుతారంటే ఎంత భయపడతాడో మీకు తెలీదు. కేసు భయం ఎక్కువా, నవ్వు భయం ఎక్కువా? చాలాసార్లు తూచి చూసుకున్నాను. నిజం చెప్పాలంటే రెండోదే. గనిలో పని ఎలాగూ రాలేదు. దానికి పోలీసులతో పని పడలేదు, పరీక్ష దగ్గరే ఆగిపోయాను.

కేసు నిలవలేదు. కానీ గుత్తేదారుకు తలనొప్పి పనికిరాదు. ఒడ్డు ఖాళీ చెయ్యమన్నాడు.

వాళ్ళు సామాను కట్టుకుంటున్న రోజు సూరిబాబు నన్ను పిలిచాడు. రమణమ్మ తోటకూర పీకి కట్టలు కడుతోంది, ఇరుగుపొరుగుకు ఇవ్వడానికి. ఇరుగుపొరుగు అంటే మేమే. ఆయన వల మడత పెడుతూ మాట్లాడాడు. ఆ మాటలు నాకు పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"అల్లుడూ, ఆళ్ళు కొత్త బొరియ తవ్వుకున్నారు, సూశావా? అటు మిట్ట మీద."

"ల్యా మామా. నేను ఆ పక్కకు పోల్యా."

"నీళ్ళు పెరిగాయి గదా, తల్లి పిల్లల్ని అక్కడికి మారుత్తోంది ఆ రోజు. ఒక్కోదాన్నే నోట కరుసుకుని. రెండిట్ని తీసుకెళ్ళడం నేను తెప్ప మీంచి సూశాను. మూడోదానికి మళ్ళీ వచ్చింది. ఆడ లేదు."

ఆయన మడత పెట్టిన వల మీద కాలు వేసి తొక్కి, తాడు బిగించాడు.

"సెప్పుల సంగతి వదిలేయి. అది నువ్వు నవ్వులకి అన్నావు, నాకు తెలుసు. ఆ పిల్లేమైందో నీకేవన్నా తెలిస్తే సెప్పరా. మంద తోలుకుని నువ్వే గదా ఆ దారంట వచ్చింది. బతికుందా పోయిందా, అంతే. నేను ఎవరికీ సెప్పను."

ఆయన నన్ను అనుమానించాడా? అప్పుడూ తెలీలేదు, ఇప్పుడూ తెలీదు. ఆయన కళ్ళు వల మీదే ఉన్నాయి. తల్లి తిరిగొచ్చింది అన్న మాట నా చెవిలో ఆగిపోయింది. అది గొర్రె కాదు. వెనక్కి వచ్చింది. ఆ పిల్ల వంతు రాబోతోంది, నేను వచ్చాను. ఇదంతా తెలిసిన తర్వాత, నోరు తెరిచి నేనన్న మాట ఇది:

"నేనేమన్నా దానికి మేనమామనా మామా, నన్నడుగుతాండావు."

ఆయన నవ్వలేదు. సరేలేరా అన్నాడు. ఆ సరేలేరాలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

తర్వాత లారీ వచ్చింది, వెళ్ళిపోయారు.

ఇప్పుడు నేను పులివెందులలో ఒక కొట్లో చీనీ తోటలకూ అరటి తోటలకూ డ్రిప్ పైపులు అమ్ముతాను. బాగానే ఉన్నాను. ఇక్కడ కూడా నవ్విస్తాను. పోయిన శ్రావణమాసంలో ఒక శనివారం, కొట్లో పనిచేసే వాళ్ళం నలుగురం వేంపల్లె మీదుగా గండికి పోయాం. ఆంజనేయస్వామి దర్శనం అయ్యాక పాపాఘ్ని ఒడ్డున రాళ్ళ మీద కూర్చున్నాం. పులిహోర తింటున్నాం. ఎందుకో తెలీదు, అక్కడ చెప్పెయ్యాలనిపించింది. మొదలుపెట్టాను. కంబళి, నాపరాయి, పిల్ల. గొర్రెకు పాలు పూసి చూపించడం దగ్గరికి వచ్చేసరికి ఒకడు పులిహోర పొరబోయి దగ్గుతున్నాడు. ఇంకొకడు నా వీపు మీద కొట్టి, "యాడ పుట్టిస్తావప్పా నువ్వు ఇట్లాంటివి" అన్నాడు. నేను నిజమన్నాను. ఇంకా నవ్వారు. నిజంగా నిజమన్నాను. అది చెప్పేటప్పుడు నీ ముఖం మాత్రం బలే పెడతావు అన్నారు. సూరిబాబు దాకా పోనే లేదు కథ. నేను కూడా కాసేపటికి నవ్వాను. ఏం చెయ్యాలి?

వాళ్ళ తప్పేమీ లేదు. నేను వాళ్ళకు నేర్పింది అదే.

సూరిబాబు కోసం వెతకలేదా అని మీరు అడగొచ్చు. వెతికాను, ఆలస్యంగా. నా దగ్గరున్న నంబరు ఇప్పుడు ఎవరిదో కాదు, అసలు ఎవరిదీ కాదు. ఆ గుత్తేదారు మారిపోయాడు. ఈ మధ్య మా ఊరికి వెళ్ళినప్పుడు, కాకినాడ వైపునుంచి కొత్తగా వచ్చిన చేపలవాళ్ళను అడిగాను. వాళ్ళలో ఒకతనికి ఆయన తెలుసు. మళ్ళీ సముద్రం మీదికే పోతున్నాడండి, ఎవరిదో పెద్ద బోటు మీద కూలికి, అన్నాడు. ఏమీ తెలియక మామూలుగా చెప్పాడు. ఊరి పేరు కూడా చెప్పాడు, నంబరు మాత్రం లేదన్నాడు. ఊరి పేరు నాకు గుర్తుంది. ఇంకా పోలేదు. పోతానని ఇక్కడ రాస్తే గొప్పగా ఉంటుంది, రాయను. రాసినంత మాత్రాన పోయినట్టు కాదు. ఆయన ఎదురుగా నిలబడితే నా నోట్లోంచి ఏం వస్తుందో నాకు ఇంకా నమ్మకం లేదు.

అందుకే ముందు ఇక్కడ చెప్తున్నాను. సూరిబాబు ఏ పిల్లనూ ముట్టుకోలేదు. ఎవరి చర్మమూ ఒలవలేదు. తల్లి రాబోతున్న పిల్లను ఎత్తుకుపోయింది నేను, గుడిసె ముందు ఆగనిది నేను, టీకొట్టు దగ్గర ఆయన్ని పట్టించింది నేను, అడిగినప్పుడు చెప్పనిది నేను. ఆయన సముద్రం మీద ఉన్నాడంటే అది నా వల్ల.

ఇప్పుడు మిట్టమధ్యాహ్నం. కొట్లో ఎవరూ లేరు. ఈ పైమాట రాశాక ఏదో జరుగుతుందనుకున్నాను. ఒక రైతు వచ్చి పైపు చుట్ట ఎంత అని అడిగాడు. చెప్పాను. ఎక్కువన్నాడు. మామూలుగా అయితే ఏదో ఒకటి అని నవ్వించి పంపేవాణ్ణి. ఈసారి ధర మాత్రమే చెప్పి ఊరుకున్నాను. ఏమప్పా, ఒంట్లో బాగలేదా అని అడిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ కూర్చుని రాసిందంతా చదువుకున్నాను. అక్కడక్కడా నవ్వు వచ్చే ముక్కలున్నాయి, అవి నా చేతి అలవాటు, క్షమించమని అడగను. చివరి ముక్కలో లేదు. అక్కడ రెండుసార్లు చదివాను. దేన్నీ కొట్టెయ్యలేదు. ఊపిరి కొంచెం సులువుగా ఆడుతోంది.